70 ఏళ్ళు, 100 మైళ్ళు, 6 సెకన్లు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో పరుగు గురించి మాట్లాడుకుందాం. సిక్స్ ప్యాక్ పిల్లగాళ్ళ పరుగు కాదండీ, అమ్మమ్మలు, తాతయ్యల పరుగు. అదీ ఐదో పదో కిలోమీటర్లు కాదు, 161 కిలోమీటర్లు.

ముందు ఒక చిన్న లెక్క. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకు మించి ఏ దూరమైనా దాన్ని అల్ట్రా మారథాన్ అంటారు. 100 మైళ్ళంటే సుమారు 161 కిలోమీటర్లు. నల్గొండ నుంచి హైదరాబాద్ అటూ ఇటూగా వంద. అంటే హైదరాబాద్ దాకా ఉరికి, మళ్ళీ సగం కంటే ఎక్కువ దారి వెనక్కి రావాలన్నమాట. బస్సులో పోయొచ్చినా నడుం పట్టేస్తది కదా!

అమెరికాలోని కాలిఫోర్నియాలో వెస్టర్న్ స్టేట్స్ అని ఒక రేసు ఉంది. అసలు అది గుర్రాల రేసు దారి. 1974లో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన గుర్రం లేకుండా కాలినడకనే ఆ దారిలో బయలుదేరి, 24 గంటల లోపు పూర్తి చేశాడు. అక్కడి నుంచి మొదలైంది ఈ మనుషుల రేసు. ఎక్కడం 18 వేల అడుగులు, దిగడం 23 వేల అడుగులు. జూన్ నెల, లోయల్లో మస్తు ఎండ. 30 గంటల్లో పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా పూర్తి చేసినట్టు లెక్కలోకి రాదు.

2015లో గున్‌హిల్డ్ స్వాన్సన్ అనే ఆవిడ ఈ రేసులో దిగింది. వయసు 70. మనుమలు, మనుమరాళ్ళు ఉన్న మనిషి. పగలంతా ఉరికింది, రాత్రంతా ఉరికింది. మధ్యలో దారి తప్పి అదనంగా కొంత దూరం కూడా పోవాల్సి వచ్చింది. ఆఖరికి రెండు కిలోమీటర్లు మిగిలినప్పుడు చూస్తే టైమ్ దాదాపు అయిపోవచ్చింది.

అప్పుడు ఆమె పక్కన ఎవరు ఉరికారో తెలుసా? రాబ్ క్రార్. ఆ ఏడాది ఆ రేసు గెలిచిన మనిషి. 14 గంటల 48 నిమిషాల్లో ముగించి, తన పని అయిపోయిన ఇన్ని గంటల తర్వాత, కాళ్ళకు మామూలు చెప్పులేసుకొని వచ్చి ఆమెతో పాటు ఉరికాడు. ఇంటివాళ్ళు, దోస్తులు ఇంకో పక్క. ఆఖరి ముక్క ఒక హైస్కూల్ గ్రౌండ్. జనమంతా లేచి నిలబడి అరుస్తున్నారు. ఆమె గీత దాటింది. గడియారంలో 29 గంటల 59 నిమిషాల 54 సెకన్లు. ఇంకా ఆరు సెకన్లే ఉన్నాయి! 70 దాటిన ఆడవాళ్ళలో ఆ రేసు పూర్తి చేసిన మొదటి మనిషి ఆమె.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఒక రూల్. ఈ రేసులో సగం దాటాక, తోడుగా ఒక మనిషి పక్కన ఉరకొచ్చు. పేసర్ అంటారు. కానీ ఆ పేసర్ మీ నీళ్ళ సీసా మోయకూడదు, మీ సంచి మోయకూడదు. వచ్చేది తోడు వరకే. దారి చూపిస్తారు, మాట్లాడతారు, తిన్నావా తాగావా అని అడుగుతారు. అడుగు మాత్రం మీరే వేయాలి.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఆన్‌కాల్ డ్యూటీ అని ఉండేది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే, నిద్రమత్తులో మన బుర్ర పనిచేయదు. ఫోన్‌లో ఇంకో మనిషి ఉండి, ఇది చూశావా, అది చూశావా అంటే చాలు, పని అయిపోతది. 20 గంటలు ఉరికిన మనిషి బుర్ర కూడా అంతే. ఆకలి తెలియదు, దాహం తెలియదు, టైమ్ లెక్క తప్పుతది. ఆ లెక్కలు పక్కనున్నవాళ్ళు చూసుకుంటే ఉరికేవాళ్ళకు ఉరకడం ఒక్కటే మిగులుతది.

పెద్ద వయసులో ఇది ఇంకా ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ దాహం వేసినట్టు తెలియడం తగ్గుతది. కండలు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడతది. అట్లని మరీ ఎక్కువగా ఉత్త నీళ్ళు తాగినా, ఒంట్లో ఉప్పు తగ్గి ప్రాణం మీదికి వస్తది. మన ఇంట్లో ఉప్పేసి ఇచ్చే మజ్జిగలో ఉన్న తెలివి ఇదే. ఇంకోటి, నొప్పులకు మాత్రలు మింగి ఉరకడం చాలా ప్రమాదం, కిడ్నీల మీద పడతది. బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు.

ఇట్లాంటి పెద్దోళ్ళు ఇంకా ఉన్నారు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అనే రేసు, దాదాపు 90 కిలోమీటర్లు. వాలీ హేవర్డ్ దాన్ని 1930లో 21 ఏళ్ళప్పుడు గెలిచాడు. అదే మనిషి 1989లో, 80 ఏళ్ళ వయసులో మళ్ళీ పూర్తి చేశాడు. అప్పటి గడువు 11 గంటలు, ఆయనకు మిగిలింది 1 నిమిషం 57 సెకన్లు. ఆస్ట్రేలియాలో క్లిఫ్ యంగ్ అని ఒక రైతు. 1983లో, 61 ఏళ్ళప్పుడు, సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా 875 కిలోమీటర్లు ఉరికి ఏకంగా గెలిచేశాడు. ఐదు రోజుల 15 గంటలు. మనకు నల్గొండ నుంచి ముంబై కంటే ఎక్కువ దూరం అది. వచ్చిన 10 వేల డాలర్ల బహుమతిని తోటి రన్నర్లకే పంచేశాడు.

ఇదంతా మనకెందుకు అంటారా? మన దగ్గర పెద్దోళ్ళు దూరాలు నడవడం కొత్తేమీ కాదు. శివరాత్రికి పాలమూరు వైపు నుంచి మన్ననూరు మీదుగా, నల్లమల అడవిలో శ్రీశైలం దాకా నడిచిపోయే శివస్వాములను చూడండి. వాళ్ళలో 60 దాటినవాళ్ళు ఉంటారు. ఒక్కరే పోరు, గుంపుగా పోతారు. వెనకబడ్డ మనిషి కోసం ఆగుతారు. కాలు బొబ్బలెక్కితే పక్కనున్నాయన గుడ్డ కడతాడు. పేసర్ అనే మాట వాళ్ళకు తెలియదు, కానీ చేసేది అదే పని.

ఒక మాట మాత్రం చెప్పాలి. మన జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవాళ్ళు ఉన్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ బాధ ఇంటింటికీ తెలుసు. వాళ్ళకు పోయి, "ఆమె 70 ఏళ్ళకు ఉరికింది, నీకేమైంది" అంటే అది అన్యాయం. వాళ్ళకు మోకాళ్ళ నొప్పి మనసులో లేదు, ఎముకలో ఉంది. అట్లాంటివాళ్ళకు డాక్టర్ చెప్పినంత మేర నడక, కూర్చొని చేసే ఎక్సర్‌సైజే వాళ్ళ అల్ట్రా. దానికీ పక్కన ఒక మనిషి కావాలి.

ఇంట్లో నాన్నో, అమ్మో, "నేను పొద్దుగాల నడుస్త, ఉరుకుత" అంటే మనం వెంటనే ఏమంటాం? "ఈ వయసులో ఎందుకు, పడితే ఎవరు చూస్తరు?" భయంతోనే అంటాం, ప్రేమతోనే అంటాం. కానీ ఆ ఒక్క మాటతో వాళ్ళు గుమ్మం దిగడం మానేస్తారు. కూర్చున్న మనిషికి కాళ్ళు ఇంకా తొందరగా సన్నబడతాయి. పడతారని ఆపితే, ఆపినందుకే పడే రోజు దగ్గరికొస్తది.

అందుకే వద్దు అనే ముందు నాలుగు పనులు చేసి చూడండి. ఒకసారి గుండె పరీక్ష చేయించండి. పాదానికి సరిపోయే బూట్లు కొనివ్వండి. ఎన్జీ కాలేజ్ గ్రౌండో, మీ ఊరి బడి గ్రౌండో, వాళ్ళ ఈడువాళ్ళు ఇద్దరు ముగ్గురు తోడు ఉండేటట్టు చూడండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, మాట తడబడటం కనిపిస్తే "ఇక ఆగుదాం" అనే హక్కు ఎవరికో ముందే మాట్లాడుకోండి. ఎండాకాలంలో మన దగ్గర తొమ్మిది దాటితే బయట ఉండొద్దు.

ఇవేవీ పెద్ద ఖర్చు కాదు. అందరికీ 161 కిలోమీటర్లు అక్కర్లేదు. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టే మనిషిని మూడో రౌండ్‌కు పిలిచే దోస్తు ఒకడుంటే చాలు. రేపు పొద్దున మీరే ఆ దోస్తు అవ్వొచ్చు. గెలిచినాయనే చెప్పులేసుకొని వచ్చాడు, మనకేం తక్కువ?

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో పెద్దోళ్ళతో కూర్చొని చూడండి. వచ్చే వారం ఇంకో ముచ్చటతో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.