హార్మోనియం చేతులకు కొత్త వాయిద్యం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి మీరంతా కాస్త నడుం వాల్చే వేళ ఇది. నేను ఏ ఊరగాయల గురించో, పిల్లల పరీక్షల గురించో చెబుతాననుకుంటున్నారేమో! ఇవాళ నేను మాట్లాడబోయేది కంప్యూటరులో పలికే సింథసైజర్ల గురించి. అందులోనూ ప్రోగ్రెసివ్ రాక్ అనే ఇంగ్లండు సంగీతానికి కీబోర్డు వాయించడం ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. నవ్వకండి. మొదట నేనూ నవ్వినదాన్నే.

చిన్నప్పుడు తెనాలిలో, నాటకాలకు వాయించే ఒక మాస్టారి దగ్గర నాలుగేళ్ళు హార్మోనియం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఆ పెట్టె పుట్టింట్లోనే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళు దాన్ని తలుచుకున్నాను గాని ముట్టుకోలేదు. మా అబ్బాయి ఇంట్లో ఉన్న రోజుల్లో తలుపు వేసుకుని ఏవో పాటలు వినేవాడు. "ఆ హోరు తగ్గించరా బాబూ" అని కసిరేదాన్ని. ఒకనాడు ఆ హోరు మధ్యలోంచి అచ్చం హార్మోనియానికి అన్నగారిలాంటి నాదం వినిపించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడిపోయాను. "అది హామండ్ ఆర్గన్ అమ్మా" అన్నాడు. ఉద్యోగానికి పుణే వెళ్తూ వాడొక పాత కంప్యూటరు, ఒక కీబోర్డు గదిలో వదిలిపెట్టి వెళ్ళాడు. అక్కడ మొదలైంది నా చదువు.

1960ల చివర ఇంగ్లండులో కొందరు కుర్రవాళ్ళు రాక్ సంగీతాన్ని మూడు నిమిషాల పాటల్లోంచి బయటికి తెచ్చి, ఒక్కో రచనను ఇరవై నిమిషాల దాకా పెంచారు. అందులో కీబోర్డు వాయించేవాడికి గాయకుడితో సమానంగా పెద్దపీట. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందంలో కీత్ ఎమర్సన్, యెస్ బృందంలో రిక్ వేక్‌మన్, జెనిసిస్‌లో టోనీ బ్యాంక్స్ పేరుపడ్డవాళ్ళు. ఎనిమిదో హెన్రీ రాజుగారి ఆరుగురు భార్యల పేర పాట లేకుండా ఒక ఆల్బమే చేశాడు వేక్‌మన్, 1973లో. ఎమర్సన్ వేదిక మీద ఆర్గన్ మీటల సందున కత్తులు గుచ్చి స్వరం ఆగకుండా నిలబెట్టేవాడట. నాకేమీ వింతగా తోచలేదు. మా మాస్టారు శ్రుతి నిలవడానికి మీట సందున అగ్గిపుల్ల దోపేవారు!

వాళ్ళ దగ్గర ఎన్ని పెట్టెలున్నా ఆ సంగీతానికి ప్రాణం పోసినవి ముఖ్యంగా మూడు. ఒకటి హామండ్ ఆర్గన్. రెండు మోగ్ సింథసైజరు. మూడు మెలోట్రాన్. హామండ్ బి-3 ఆర్గన్ బల్లతో, కాలిమీటలతో కలిపి 180 కిలోల పైమాటే. మన ఫ్లాటు లిఫ్టులో కూడా పట్టదు. ఇప్పుడు ఈ మూడూ కంప్యూటరులో ఇమిడిపోయాయి. 1996లో శబ్దాలకు మెరుగులు దిద్దే ప్రోగ్రాముల కోసం వీఎస్‌టీ అనే పద్ధతి వచ్చింది. 1999లో వాయిద్యాలే ఆ పద్ధతిలో కంప్యూటరులో పలకడం మొదలుపెట్టాయి. వీటినే సాఫ్ట్‌వేర్ సింథసైజర్లంటారు.

కావలసిన సరంజామా ఎంతో లేదు. ఇంట్లో కంప్యూటరు ఉంటే, యూఎస్‌బీ తీగతో దానికి తగిలించే 61 మీటల కీబోర్డు ఒకటి కొనుక్కోండి. హామండ్ మీద ఒక్కో వరసకూ అన్నే మీటలు. ఎడమ పక్కన చిన్న చక్రాలు రెండున్నాయో లేదో చూసుకోండి. సాఫ్ట్‌వేరుకు మొదట్లో పైసా పెట్టనక్కరలేదు. ఆర్గన్‌కు సెట్‌బీఫ్రీ, సింథసైజరుకు సర్జ్ ఎక్స్‌టీ రెండూ ఉచితమే.

ఇప్పుడు నా అవస్థ చెబుతాను, ఎందుకంటే మీలో ఎవరైనా మొదలుపెడితే ముందు తగిలే రాయి ఇదే. మీట నొక్కితే స్వరం పలికేది గాని, రవ్వంత ఆగి పలికేది. నిదానంగా వాయిస్తే తెలిసేది కాదు. కాస్త కాలం పెంచానో, తాళం చేతుల్లోంచి జారిపోయేది. మూడు వారాలు కుస్తీ పట్టాను. "యాభై దాటిన వేళ్ళు, ఇంక వంగవు" అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, కీబోర్డు మీద పాత దుప్పటి కప్పేశాను. రెండు నెలలు ఆ గదిలోకి తుడవడానికి తప్ప వెళ్ళలేదు.

దసరాకు వచ్చిన మా వాడు దుప్పటి తీసి రెండు నిమిషాలు వాయించి, "అమ్మా, నీ వేళ్ళకేం కాలేదు. కంప్యూటరే ఆలస్యంగా పలుకుతోంది" అన్నాడు. కంప్యూటరు మామూలుగా సెకండుకు 44,100 శబ్దపు తునకలు తయారు చేస్తుంది. కాని దేనికది పంపదు, ఒక గిన్నెలో పోగుచేసి పంపుతుంది. ఆ గిన్నె పేరు బఫర్. గిన్నెలో 1024 తునకలు పడితే, అది నిండడానికే 23 మిల్లీసెకండ్లు. 128కి తగ్గిస్తే మూడు మిల్లీసెకండ్లు చాలు. దారిలో ఇంకాస్త ఆలస్యం ఎలాగూ ఉంటుంది. గిన్నె మరీ చిన్నదైతే కంప్యూటరు అందుకోలేక చిటపటలాడుతుంది, అప్పుడు ఒక మెట్టు పెంచుకోవాలి. విండోస్ కంప్యూటరైతే ఏసియో అనే డ్రైవరు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తీగ లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడకండి. నా ఆలస్యంలో సగం పాపం వాటిదే. తీగ ఉన్నవి పెట్టుకుని, బఫర్ 128 చేసేసరికి స్వరం వేలి కిందే పలికింది. రెండు నెలలు నన్ను నేను తిట్టుకున్నదంతా ఒక అమరిక తప్పుకు!

ఇక వాయించడం. మొదటి నెల ఆర్గన్ ఒక్కటే పట్టుకోండి. మన హార్మోనియం చేతులు ఇక్కడ అక్కరకొస్తాయి. పియానో నేర్చినవాళ్ళు మీటను గట్టిగా కొడితే గట్టిగా పలుకుతుందనుకుంటారు. ఆర్గన్‌కు ఆ లెక్క లేదు. మనం తిత్తితో చేసే పనిని అక్కడ కాలితో తొక్కే పెడలు చేస్తుంది. వేలు ఎత్తగానే స్వరం ఆగిపోతుంది కనుక, ఒక వేలు లేచేలోపు రెండోది దిగాలి. ఇదంతా మన మాస్టార్లు మొట్టికాయలు వేసి నేర్పినదే. ఆర్గన్‌లో డ్రాబార్లని తొమ్మిది లాగుడు కడ్డీలుంటాయి. మొదటి మూడూ పూర్తిగా లాగి, తక్కినవి మూసేసి మొదలుపెట్టండి. లెస్లీ అనే తిరిగే స్పీకరు వేగాన్ని ఎడమచేతి చక్రానికి తగిలించుకోండి. స్వరం నిలిపిపట్టి నిదానం నుంచి వేగానికి మార్చి చూడండి, ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో నెల మోగ్. 1970లో వచ్చిన మినీమోగ్ ఒకేసారి ఒక్క స్వరమే పలికేది. సర్జ్‌లో ఏ హంగూ లేని శబ్దం ఒకటి తెరిచి, ఒక్క స్వరమే పలికేలా మోనో అని పెట్టండి. ఫిల్టర్ అనే జల్లెడను కొద్దికొద్దిగా మూస్తూ తెరుస్తూ వినండి. స్వరం ఎంత త్వరగా లేవాలి, ఎంత త్వరగా తగ్గాలి, ఎక్కడ నిలవాలి, వేలు ఎత్తాక ఎంతసేపు మిగలాలి అన్న నాలుగు మరలూ ఒక్కొక్కటే తిప్పి చూడండి. గమకం పలకదని ఆక్షేపించి ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. సింథసైజరుకు ఆ బాధ లేదు. చక్రం తిప్పితే స్వరం వంగుతుంది, పోర్టమెంటో అన్న మర తిప్పితే స్వరం నుంచి స్వరానికి జారుతుంది. 1970 నాటి "లక్కీ మ్యాన్" పాట చివర ఎమర్సన్ జార్చిన జారుడు వినండి, నా మాట అర్థమవుతుంది.

ఆ తర్వాతే మెలోట్రాన్. ఇందులో ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద నిజమైన వయొలిన్లో వేణువులో రికార్డై ఉంటాయి. టేపు నిడివి ఎనిమిది సెకండ్లే. ఆలోగా వేలు మార్చాలి. అందుకే ఆ పాటల్లో అది నిట్టూర్పుల్లాగా వస్తుంది. దాని మీద తొందరపడి పరుగులు తియ్యకండి.

తాళాల దగ్గర బెంగ పెట్టుకోకండి. ఎమర్సన్ బృందం 1971లో చేసిన "టార్కస్" ఆరంభం అయిదు లెక్క, మన ఖండచాపు అనుకోండి. జెనిసిస్ 1973లో చేసిన "సినిమా షో"లో కీబోర్డు భాగం ఏడు లెక్క, మిశ్రచాపు. తకిట తకధిమి అని తొడ మీద వేసుకుంటూ వింటే దారి దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. ఉచితమన్నారు కదా అని నేను పన్నెండు సాఫ్ట్‌వేర్లు దింపుకున్నాను. వేల శబ్దాలు! రోజూ ఒక గంట వాటిని రుచి చూడడంతోనే సరి, వాయించింది సున్న. అసలు మినీమోగ్‌లో శబ్దాన్ని దాచుకునే వీలే లేదు, ఏ మర ఎక్కడుందో కాగితం మీద రాసుకునేవారు. మీరూ వంటల పుస్తకం లాంటిది ఒకటి పెట్టుకుని, నచ్చిన ఆర్గన్‌కు కడ్డీల కొలతలు, మోగ్‌కు మరల కొలతలు రాసుకోండి. మూడు శబ్దాలు చేతికి వచ్చేదాకా నాలుగోది దింపకండి.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూచుంటే, "చప్పుడు లేకుండా ఆ వేళ్ళాడించడమేమిటే అమ్మాయ్" అనేవారు. మొన్న ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ చెవులకే పెట్టాను. ఆర్గన్ మీద ఆ ఏడు లెక్కనే తప్పులతో సహా వాయిస్తున్నాను. కాసేపటికి ఆవిడ చెయ్యి ఒళ్ళో కదలడం మొదలుపెట్టింది. "ఇది మిశ్రచాపు కాదుటే?" అన్నారు. ఆవిడకు తాళజ్ఞానం ఉన్నట్టు ఈ ముప్ఫై ఏళ్ళలో నాకు తెలియదు. పెళ్ళికి ముందు రెండేళ్ళు వీణ నేర్చుకున్నారట. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మీ అటక మీద కూడా ఏదో ఒక పెట్టె ఉండే ఉంటుంది. అది లేకపోయినా చేతులున్నాయి కదా. వేళ్ళకు వయసొచ్చిందని తీర్పు చెప్పే ముందు ఒక్కసారి బఫర్ ఎంతుందో చూసుకోండి.