ఖడ్గమృగాలు

ఖడ్గమృగాల వంశం సుమారు 5 కోట్ల ఏళ్ల నాటిది. గుర్రం, టాపిర్ వీటికి దగ్గరి చుట్టాలు. పూర్వం కొమ్ములేని జాతులూ, మంచుయుగపు ఉన్ని జాతులూ ఉండేవి. నేడు మిగిలినవి అయిదే: ఆఫ్రికాలో రెండు, ఆసియాలో మూడు.

ఇవి 35 నుంచి 50 ఏళ్ల దాకా బతుకుతాయి. తల్లి దాదాపు 16 నెలలు మోసి ఒక్క పిల్లనే ఈనుతుంది. మరో కాన్పుకు రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే వేటలో పోయిన సంఖ్య త్వరగా పూడదు.

కొమ్ములో ఉండేది మన గోళ్లలోని కెరటిన్ పదార్థమే. అది మందన్న నమ్మకమే వేటకు ఊతం. 20వ శతాబ్ది మొదట్లో 5 లక్షలున్న ఖడ్గమృగాలు ఇప్పుడు 27 వేలకు అటూఇటూ. 2018లో కెన్యాలో సుడాన్ అనే మగమృగం చనిపోయాక, ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల్లో రెండు ఆడవే మిగిలాయి. అస్సాంలోని కాజీరంగాలో మాత్రం గట్టి కాపలా ఫలించి, 2022 గణనలో 2,613 తేలాయి.