తీగల పటాలు గీసే యంత్రాలు



బెంగుళూరు పీణ్యలోనో, హోసూరులోనో, కోయంబత్తూరులోనో కంట్రోల్ ప్యానెళ్లు కట్టే షాపుల్లో మన పిల్లలు కొందరు పనిచేస్తున్నారు. “డ్రాయింగులు ఇక కంప్యూటరే గీస్తుందట, మా పని ఏమవుతుంది?” అన్నది వాళ్ల బెంగ. అసలు ఆ డ్రాయింగులో ఏముంటుందో ముందు చూద్దాం.

మీ వీధిలోని నీళ్ల ట్యాంకునే తలుచుకోండి. నీరు తగ్గితే మోటారు తిరగాలి, నిండితే ఆగాలి. అందుకు రెండు ఫ్లోట్ స్విచ్చులు, ఒక స్టార్టరు, మోటారు మీద భారం ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే, స్టార్ట్, స్టాప్ బటన్లు కావాలి. ఇవి ఎలా కలుస్తాయో చూపే బొమ్మలో అటూ ఇటూ నిలువు గీతలు, మధ్యన మెట్లు ఉంటాయి. నిచ్చెనలా ఉంటుంది గనుక దాన్ని లాడర్ డయాగ్రం అంటారు. 1969లో మోడికాన్ 084 అనే కంట్రోలరు వచ్చి, బీరువాల కొద్దీ రిలేలు చేసే పనిని ఒక పెట్టెలోకి చేర్చింది. అయినా నిచ్చెన పోలేదు. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకు చదవడం వచ్చిన బొమ్మ అదే కాబట్టి, ప్రోగ్రామును కూడా ఆ రూపంలోనే రాయించారు.

రసాయన కర్మాగారాల్లో ఇంకో రకం పటం ఉంది. దాన్ని పి అండ్ ఐడి అంటారు. పైపులు, పంపులు, వాల్వులు, కొలత పరికరాలు అన్నీ అందులో ఉంటాయి. ఒక వృత్తంలో ఎల్‌టి-101 అని ఉంటే, మొదటి అక్షరం మట్టాన్ని, రెండోది ఆ కొలతను పంపే ట్రాన్స్‌మిటరును చెబుతాయి.

ఇప్పుడు ఫ్యాక్టరీలో నలభై మోటార్లున్నాయనుకోండి. నలభై షీట్లూ దాదాపు ఒక్కలాంటివే. పేరు, హార్స్‌పవరు, కేబులు సైజు, టెర్మినల్ నంబర్లు మాత్రమే మారతాయి. ఈ పనికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు. ఒక పట్టికా, ఒక నమూనా షీటూ ఇస్తే మామూలు ప్రోగ్రామే చకచకా గీసిపెడుతుంది, అదీ తప్పు లేకుండా. సూత్రం తెలిసిన చోట యంత్రానికి ఊహించే పని అప్పగించడం, ఎక్కం వచ్చినవాడిని వేళ్లు లెక్కపెట్టమన్నట్టే.

సూత్రం చెప్పలేని చోట అసలు అవసరం వస్తుంది. పాత ఫ్యాక్టరీల్లో చేత్తో గీసిన, అమ్మోనియా ప్రింటు తీసిన డ్రాయింగులు కట్టలుగా పడి ఉంటాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే మనిషి మళ్లీ గీయాల్సిందే. ఇక్కడ మెషీన్ లెర్నింగ్ నిజంగా సాయం చేస్తుంది. వాల్వు గుర్తులు కొన్ని వందలు చూపి “ఇది వాల్వు” అని చెబితే, మసకబారిన కాగితం మీద కూడా కంప్యూటరు ఆ గుర్తును పట్టుకుంటుంది. అక్షరాలూ చదువుతుంది. గీతల దగ్గరే చిక్కు. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాయా, కలిశాయా? కొన్నిసార్లు తేడా అంతా ఒక చుక్కలోనే ఉంటుంది. ఆ చుక్క ఫోటోకాపీలో పడ్డ మచ్చ కూడా కావచ్చు.

నేర్పడానికి డ్రాయింగులు దొరకడం మరో కష్టం. ఏ కంపెనీ తన ప్లాంటు పటాన్ని బయటపెడుతుంది? అందుకే 2021లో టీసీఎస్ పరిశోధకులు ఈ పనికి 500 కృత్రిమ పి అండ్ ఐడీలను తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టారు.

ఈమధ్య మాటల్లో చెబితే నిచ్చెన ప్రోగ్రాము చిత్తుప్రతి రాసిచ్చే యంత్రాలూ వచ్చాయి. నా మటుకు ఇక్కడే కళ్లు తెరుచుకుని ఉండాలనిపిస్తుంది. స్టాప్ బటన్ సంగతి చూడండి. తీగల పటంలో దాన్ని మామూలుగా మూసి ఉండే కాంటాక్టుగా గీస్తాం. తీగ తెగినా మోటారు ఆగాలన్నది కారణం. అదే బటన్‌ను కంట్రోలరుకు కలిపినప్పుడు, లోపలి ప్రోగ్రాములో తెరిచిన కాంటాక్టుగా రాస్తాం. అక్కడ కరెంటు వస్తూండడమే క్షేమమని అర్థం. రెండూ సరైనవే. కాని రెండు రకాల పటాలూ కలిపి చదివి నేర్చుకున్న యంత్రం ఒకదాని గుర్తు మరోదానిలో పెడితే? తీగల పటంలో తెరిచిన కాంటాక్టు, ప్రోగ్రాములో మూసిన కాంటాక్టు పడ్డాయంటే, మోటారు రోజూ చక్కగానే తిరుగుతుంది, ఆగుతుంది. తీగ తెగిన రోజున మాత్రం, ఎవరి చెయ్యో బెల్టులో చిక్కుకుని, పక్కవాడు బటన్ నొక్కినా ఆగదు.

కాబట్టి గీసే పని తగ్గుతుంది, ఆ మాట దాచిపెట్టి లాభం లేదు. ట్రేసింగు కాగితం మీద ఇంకు పెన్నుతో గీసేవారి పని 1982లో ఆటోక్యాడ్ వచ్చిన తర్వాత క్రమంగా పోయింది. ఇప్పుడు షీటు తర్వాత షీటు ఒకేలా గీసేవారి వంతు. పటాన్ని చదివి తప్పు పట్టగలిగినవాడికి మాత్రం చేతినిండా పని ఉంది. మీ ఇంట్లో ఐటీఐ చదివే పిల్లలుంటే ఒక అలవాటు చేయించండి. ఏ పటం చేతికొచ్చినా ఒక్కో తీగా తెగిందనుకుని, “ఇప్పుడు మోటారు ఆగుతుందా, తిరుగుతూనే ఉంటుందా?” అని వేలు పెట్టి చూడమనండి.

ఏది మంచిదో ప్రతిచోటా ఒకేలా ఉండదు. నీళ్ల ట్యాంకు పంపు వేడెక్కితే ఆగడమే మంచిది. మంటలార్పే పంపు అలా కాదు. అమెరికావారి ఎన్‌ఎఫ్‌పీఏ 20 ప్రమాణం ప్రకారం దానికి మామూలు ఓవర్‌లోడ్ రిలే పెట్టి ఆపించకూడదు. మోటారు కాలిపోయినా సరే, నీళ్లు రావాలి. వేయి మామూలు పంపుల పటాలు చూసిన యంత్రం అక్కడా ఆ రిలేను పొందికగా గీసిపెట్టవచ్చు. దాన్ని కొట్టివేయాల్సింది ఆ పంపు ఎందుకుందో తెలిసిన మనిషి.