మూడు కాలాలూ చూసి మాట్లాడండి

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

ఎడారీకరణ అనగానే మనకు థార్ ఇసుక తిన్నెలే గుర్తొస్తాయి. 1994లో కుదిరిన ఐక్యరాజ్య సమితి ఒడంబడిక చెప్పేది వేరు. వానలు తక్కువైన, అంతంతమాత్రంగా ఉన్న ప్రాంతాల్లో నేల సత్తువ కోల్పోవడమే ఎడారీకరణ. ఆ లెక్కన మన కరీంనగర్ చెల్కలూ ఈ చర్చలోకి వస్తాయి. ఇస్రోకు చెందిన అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2021లో విడుదల చేసిన అట్లాస్ ప్రకారం, 2018-19 నాటికి దేశంలో సుమారు 9.78 కోట్ల హెక్టార్లు, అంటే భూభాగంలో 29.77 శాతం, దెబ్బతిన్నదే. వానకు పైమట్టి కొట్టుకుపోవడం, చెట్టూ చేమా తరిగిపోవడం ఇందులో పెద్ద కారణాలు.

ఆకాశం నుంచి ఇది ఎలా తెలుస్తుంది? రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా నేలను 23.5 మీటర్ల గడులుగా చూస్తుంది. ఒక్కో గడి మన లెక్కలో అయిదున్నర గుంటలు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనబడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెండింటి తేడా నుంచి పచ్చదనానికి ఒక అంకె కడతారు. అదే ఎన్‌డీవీఐ.

ఆ అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే బోల్తా పడతాం. ఏప్రిల్‌లో తీసిన ఆదిలాబాద్ చిత్రం చూడండి. టేకు ఆకు రాల్చి మోడై ఉంటుంది. పత్తి కట్టె పీకేసిన రేగడి నల్లగా పరుచుకుని ఉంటుంది. తెలియనివాళ్లు రెండింటినీ పాడైన నేల కిందే జమకడతారు. వానలు పడ్డాక అదే టేకు విస్తరంత ఆకులు వేస్తుంది. దీనికి తలకిందులైన చిక్కూ ఉంది. సర్కారు తుమ్మ కమ్మేసిన బీడు ఎండాకాలంలోనూ పచ్చగా కనిపిస్తుంది. దాని కింద గడ్డి సరిగా పెరగదు, గొర్రెకు మేత దొరకదు. అంకె మాత్రం అంతా బాగుందంటుంది.

అందుకే 2005-06 నాటి సమాచారంతో 1:50,000 స్కేలులో దేశపు భూక్షీణత పటాలు గీసినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఖరీఫ్, రబీ, వేసవి చిత్రాలను మూడింటినీ వాడింది. నేల మీదికి వెళ్లి సరిచూసే పనీ అందులో భాగమే.

పటం మీద రంగు వేయడం చిన్న పని కాదు. ఒక గడిని 'బంజరు' అని రాస్తే, రేపు ఆ కాగితం చూసి ఎవరో దాన్ని దేనికో కేటాయిస్తారు. ఆ గడి ఒక గుట్ట వాలైతే, అక్కడ మంద మేపుకునే కురుమ పెద్దాయనకు అది బంజరు కాదు, బతుకుదెరువు.

పటం చెప్పేది కొంతే అనడానికి చెరువులు మరో ఉదాహరణ. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక మట్టిని రైతులు చేలకు తోలుకున్నారు. చెరువులో నీళ్లు ఎంతమేర పరుచుకున్నాయో ఉపగ్రహం చెబుతుంది. ఆ మట్టి ఎన్ని పంటల దాకా సత్తువ ఇచ్చిందో రైతునే అడగాలి. రెండు మాటలూ విని పొంతన కుదర్చగలిగినవాళ్లే ఈ జిల్లాలకు కావాలి. ఈ ఊళ్లలో పుట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని చదివిన మీకంటే తగినవాళ్లు ఎవరున్నారు?

రేపు మీ సంతకంతో నివేదికలు వెళతాయి. సంతకం పెట్టే ముందు మూడు కాలాల చిత్రాలూ చూడండి. ఒక వాన వెలిశాక అక్కడికి పోయి రండి. అక్కడ బతికేవాళ్లతో మాట్లాడండి. వాళ్ల మాటకూ మీ పటానికీ తేడా వస్తే మళ్లీ వెళ్లి చూడండి, తప్పు పటానిదైతే దిద్దడానికి మొహమాటపడకండి.