రక్తపరీక్ష ఫలితం ఎవరిది?

(ఆరోగ్య హక్కులపై పనిచేస్తున్న స్త్రీల సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెపటైటిస్ సి గురించి మాట్లాడమని పిలిచినప్పుడు, నేను డాక్టర్ని కాను కదా అని మొదట సందేహించాను. నేను చదివింది సమాజశాస్త్రం. కాని ఈ జబ్బు విషయంలో మందు ప్రశ్న చాలావరకు తీరిపోయింది. తీరనిదల్లా ఆ మందు దాకా ఒక మామూలు ఆడమనిషి ఎట్లా చేరుతుందన్న ప్రశ్న. అది మనందరి ప్రశ్న. అందుకే ఒప్పుకున్నాను.

గర్భసంచి తీయించుకున్న స్త్రీలతో నేను కొంతకాలంగా మాట్లాడుతున్నాను. వాళ్ళలో ఒకామె వ్యవసాయ కూలీ, నలభై దాటిన మనిషి. తన ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చింది. "నాకు చదువు రాదమ్మా, ఇందులో ఏముందో చూసి చెప్పండి" అంది. ఆపరేషనుకు ముందు చేసిన రక్తపరీక్షల చీటీ అందులో ఉంది. హెచ్.సి.వి. అన్నచోట పాజిటివ్ అని రాసి, చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు. అది మూడేళ్ళ నాటి కాగితం. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు తన ఆపరేషన్ అందరికంటే చివర చేశారనీ, నర్సులు తన మంచం దగ్గరికి రెండేసి జతల గ్లౌజులు తొడుక్కుని వచ్చారనీ మాత్రం ఆమెకు గుర్తుంది. "మాది తక్కువ కులమని అట్లా చేశారనుకున్నానమ్మా" అంది.

పరీక్ష జరగలేదని కాదు, జరిగింది. దాని ఫలితం సర్జనుకు పనికొచ్చింది, నర్సుకు పనికొచ్చింది. ఆ రక్తం ఎవరిదో ఆమెకు మాత్రం పనికిరాలేదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క విషయమే. ముప్పై పడకల ఆసుపత్రులలో హెపటైటిస్ సి స్క్రీనింగ్ పెంచాలని అందరూ అంటున్నారు. పెంచాలి. కాని అంతకంటే ముందు ఆ పరీక్ష ఎవరి కోసమో తేల్చుకోవాలి.

జబ్బు గురించి నాలుగు మాటలు. హెపటైటిస్ సి కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు. ఆ వైరస్‌ను 1989లో గుర్తించారు. ఇది రక్తం ద్వారా వస్తుంది. శుద్ధిచెయ్యని సూదులు, పరీక్షించని రక్తం, డయాలసిస్, పచ్చబొట్లు, మత్తు ఇంజక్షన్లకు ఒకే సిరంజి పంచుకోవటం దీనికి దారులు. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. ఒంట్లో చేరాక ఇరవై ముప్పై ఏళ్ళు ఏ బాధా లేకుండా ఉండిపోవచ్చు. కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరేసరికి కాలేయం గట్టిపడిపోయి ఉంటుంది. అప్పటికీ మనవాళ్ళు పచ్చకామెర్లన్నీ ఒకటే అనుకుని పసరు మందుకు పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 55 లక్షల మంది ఈ వైరస్‌తో ఉన్నారు.

దీనికి టీకా లేదు, మందు ఉంది. 2013 చివర అమెరికాలో సోఫోస్‌బువిర్ వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల కోర్సు 84,000 డాలర్లు. ఆ తర్వాత భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సులు వచ్చాయి. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో, నాట్కో కూడా ఉన్నాయి. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద పరీక్షా ఉచితమే, మందూ ఉచితమే. కాలేయం బాగా దెబ్బతినని వాళ్ళకు సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు రోజుకొకసారి పన్నెండు వారాలు ఇస్తారు. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. హైదరాబాదు కంపెనీలు తయారుచేసే మాత్ర పక్క జిల్లా కూలిమనిషికి అందటం లేదంటే, దానికి కారణం డబ్బు ఒక్కటే కాదు.

ఇందులో ప్రత్యేకించి స్త్రీల సమస్య ఏముంది? మన శరీరాల మీద వైద్యం పెట్టిన కోతలు లెక్కవేసుకోండి. కుటుంబనియంత్రణ ఆపరేషన్, సిజేరియన్, అబార్షన్, గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇక రక్తం సంగతి. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష 2001లో గాని తప్పనిసరి కాలేదు. డబ్బు తీసుకుని రక్తం అమ్మే పద్ధతి, 1996 సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా, 1998 జనవరి నుంచి నిషేధానికి వచ్చింది. అంతకుముందు కాన్పులో రక్తం పోయి, సీసాలకు సీసాలు ఎక్కించుకుని బతికిన తల్లులు మన ఇళ్ళలో ఎంతమంది లేరు?

మా అమ్మ వాళ్ళలో ఒకరు. 1984లో మా తమ్ముడు పుట్టినప్పుడు ఆమెకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఈ విషయాలు చదివాక నేనే పట్టుబట్టి పరీక్ష చేయించాను. కార్డు పరీక్షలో పాజిటివ్ వచ్చింది. రెండో పరీక్షకు వేరే చోటికి పొమ్మన్నారు, దాని ఫలితం రావటానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ మా అమ్మ తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది. మనవరాలిని దగ్గరికి రానివ్వలేదు. అట్లా అంటుకోదని నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి రెండో పరీక్షలో వైరస్ లేదని తేలింది.

ఇది కార్యకర్తలందరూ అర్థం చేసుకోవలసిన విషయం. వేలిమీద సూది గుచ్చి చేసే కార్డు పరీక్ష వైరస్‌ను చూపించదు. వైరస్ ఎప్పుడైనా వచ్చి ఉంటే దాన్ని ఎదుర్కోవటానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూపిస్తుంది. కొంతమందిలో మందు లేకుండానే వైరస్ పోతుంది, యాంటీబాడీలు మాత్రం మిగిలిపోతాయి. వైరస్ ఇప్పుడు ఉందా లేదా అన్నది రెండో పరీక్ష, అంటే ఆర్.ఎన్.ఎ. పరీక్ష చెప్పాలి. మొదటి పరీక్ష చేసి రెండోది చెయ్యకుండా వదిలెయ్యటమంటే, ఆమె నెత్తిన ఒక ముద్ర వేసి పంపించటమే. మొగుడి మీద పడని అనుమానం ఆమె మీద పడుతుంది, పిల్లలకు పాలివ్వవద్దంటారు, పుట్టింటికి పొమ్మంటారు. నిజానికి తల్లి నుంచి బిడ్డకు ఇది సోకే అవకాశం నూటికి సుమారు ఐదు. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే తప్ప పాలు మానవలసిన పని లేదు.

రెండో పరీక్ష చాలాచోట్ల జిల్లా ఆసుపత్రిలోనో, మెడికల్ కాలేజీలోనో జరుగుతుంది. జిల్లా కేంద్రానికి పోవటమంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, ఇంట్లో అనుమతి, వెంట ఒక మనిషి. ఫలితం కోసం మరో రోజు. మందు కోసం మరో రోజు. "పేషెంట్లు తిరిగి రారండీ, వాళ్ళకు శ్రద్ధ లేదు" అంటారు ఆసుపత్రివాళ్ళు. శ్రద్ధ లేకపోవటం కాదు. మనిషిని తిప్పే బదులు ఆమె రక్తాన్ని పంపించవచ్చు కదా? మొదటి పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజే రక్తం తీసి, ఆ నమూనానే రెండో పరీక్షకు పంపితే ఆమెకు ఒక ప్రయాణం తప్పుతుంది. క్షయను నిర్ధారించటానికి వాడే ట్రూనాట్, జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రాల మీద హెపటైటిస్ సి వైరస్ పరీక్ష కూడా చెయ్యవచ్చు. కావలసింది వేరే చిప్పు, వేరే కార్ట్రిడ్జి.

ఇది కుదిరే పనేనా అని కొందరికి అనుమానం రావచ్చు. ఈజిప్టు సంగతి చూడండి. బిల్హార్జియా వ్యాధిని తగ్గించాలని అక్కడి ప్రభుత్వమే దశాబ్దాల పాటు సరిగా శుద్ధిచెయ్యని సిరంజీలతో ఇంజక్షన్లు వేయించి, ఈ వైరస్‌ను ఊరూరికీ పంచింది. అదే దేశం 2018 అక్టోబరు నుంచి ఏడు నెలల్లో దాదాపు ఐదు కోట్ల మందికి పరీక్ష చేసింది. పాజిటివ్ వచ్చినవాళ్ళకు రెండో పరీక్ష, మందు ఉచితంగా ఇచ్చింది. మన ఆసుపత్రులలో తెగిపోతున్నది సరిగ్గా పరీక్షకూ మందుకూ మధ్య ఉన్న ఆ ముడి.

ఆసుపత్రి సిబ్బంది భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యటం లేదు. సూది గుచ్చుకునేది ఎక్కువగా నర్సులకూ, చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులకూ. వాళ్ళలోనూ స్త్రీలే ఎక్కువ. కాని రోగి చీటీ చుట్టూ ఎర్ర సిరా చుడితే వాళ్ళకు రక్షణ రాదు. వైరస్ కొత్తగా సోకినవాళ్ళకు కొన్ని వారాల పాటు కార్డు పరీక్షలో నెగటివే రావచ్చు. కాబట్టి అందరి దగ్గరా గ్లౌజులు, సూదులు పారెయ్యటానికి సరైన డబ్బా, సూది గుచ్చుకుంటే వెంటనే ఉచిత పరీక్ష ఉండాలి. ఇవి వాళ్ళ హక్కు. మనం వాళ్ళతో కలిసి అడగవలసిన హక్కు.

చెప్పకుండా చెయ్యటం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగం జరుగుతున్నప్పుడు, అది ప్రయోగమని అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన, మరికొన్ని సంఘాలు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2017 హెచ్.ఐ.వి. చట్టం, సమ్మతి లేని పరీక్షనూ, ఫలితాన్ని ఇతరులకు బయటపెట్టటాన్నీ అడ్డుకుంటుంది. హెపటైటిస్ సికి అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అందుకే మన కాపలా మరింత అవసరం.

ముప్పై పడకల ఆసుపత్రి దగ్గర మనం అడగవలసినవి ఇవి. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలు ఏమిటో, ఎందుకో ఆమెకు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఫలితం మొదట ఆమెకే, చాటుగా, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. మొగుడికో అత్తకో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పాజిటివ్ అయితే అదే రోజు రెండో పరీక్షకు నమూనా తియ్యాలి. పాజిటివ్ అన్న కారణంతో కాన్పుకు గాని, ఆపరేషన్‌కు గాని మరో ఊరికి తోలెయ్యకూడదు. మందు ఆ ఆసుపత్రిలోనే ఇవ్వాలి. స్పెషలిస్టులు కాని డాక్టర్లు, నర్సులు కూడా శిక్షణతో ఈ చికిత్స ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. గర్భిణి అయితే, మందు సాధారణంగా కాన్పు తర్వాతే ఇస్తారు గనుక, ఆమె పేరు అప్పటిదాకా మరుగున పడకుండా చూడాలి.

ఇక మన పని. ఊళ్ళో ఆశా కార్యకర్తలతో కలిసి స్త్రీలను రెండు ప్రశ్నలు అడగండి. 2001కి ముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? ఆపరేషన్ కాగితాలు దాచుకున్నారా? ఆ కాగితాలు తీయించి చదివి పెట్టండి. కొందరి ఫలితం ఇప్పటికే వాళ్ళ పెట్టెల్లో ఉంది. చదివి చెప్పేవాళ్ళే లేరు.

ఆ కూలిమనిషి సంగతి చెప్పి ముగిస్తాను. రెండో పరీక్షలో ఆమెకు వైరస్ ఉన్నట్టు తేలింది. జిల్లా ఆసుపత్రికి నాలుగు సార్లు తిరిగింది, నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది. పన్నెండు వారాల మాత్రలు పూర్తిచేసింది. ఆ తర్వాత మరో పన్నెండు వారాలకు చేసిన పరీక్షలో వైరస్ లేదు. ఆ చీటీ నా చేతికిచ్చి చదివించుకుని, "మూడేళ్ళ కిందటే వాళ్ళకు తెలుసు గదా, అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు అడగవలసిన చోట మనందరం కలిసి అడగాలని ఇక్కడికి వచ్చాను. మీమీ ప్రాంతాల అనుభవాలు వినటానికి ఇక్కడ ఆపుతాను.