కొండల్లో ఇంజిన్, మైదానంలో కారు

(రాయగడలో ఇచ్చిన స్మారకోపన్యాసం)

మనం స్మరించుకుంటున్న మాస్టారు ఈ ఊరి తెలుగు పిల్లలకు భూగోళం చెప్పినవారు. కాబట్టి ఆయన పాఠంలోంచే ఒక ప్రశ్న ఎత్తుకుంటాను: కార్ఖానా ఎక్కడ పెట్టాలో ఎవరు తేలుస్తారు, ఏ లెక్కతో తేలుస్తారు?

ముందు మైదానంలోని కారు సంగతి. 2017 ఏప్రిల్‌లో కార్ల సంస్థ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాలు, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019లో సెల్టోస్ రోడ్డెక్కింది. ఆ ఊరున్న అనంతపురం సీమ అంటే కరువు నేల. నీళ్లు కూడా గొల్లపల్లి జలాశయం నుంచి తేవలసి వచ్చింది. అయినా అక్కడికే వెళ్లారు. కార్ల కంపెనీ గని వెంట పోదు. విడిభాగాలు చేసేవాళ్ల వెంట, కొనేవాళ్ల వెంట పోతుంది. కియాకు తోబుట్టువైన హ్యుందాయ్ 1990ల నుంచీ శ్రీపెరుంబుదూరులో ఉంది. పెనుకొండకు బెంగళూరు దగ్గరే, చెన్నై రేవు అందుబాటులోనే. కారు సీటు చూడండి: దానితో లారీ నిండుతుంది గాని తూకం రాదు. అలాంటి సరుకును దూరం మోస్తే లాభమంతా కిరాయికే పోతుంది.

మన కొండల లెక్క దీనికి తలకిందులు. సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ నుంచి రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయి. మట్టిని మోయడం దండగ కనుక శుద్ధి కొండ కిందే జరగాలి. 1981లో పుట్టిన ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో పంచ్‌పట్‌మాలి కొండను తవ్వి దమన్‌జోడిలో శుద్ధి చేయడం అందుకే. అల్యూమినా నుంచి లోహాన్ని విడదీయడానికి మాత్రం టన్నుకు దాదాపు 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. ఆ పని తాల్చేరు బొగ్గు దగ్గర ఉన్న అనుగుల్‌కు వెళ్లింది. అక్కణ్ణించి పోతపనికి, చక్రాలకు, సిలిండర్ హెడ్లకు ఇంకా దూరం. పనితనం పెరిగే ప్రతి మెట్టూ మనకు ఒక మజిలీ దూరం జరుగుతూ పోయింది.

ఈ వరసను కాదన్న ఊరు ఒక్కటుంది: సునాబెడా. మిగ్-21 విమానం దేశంలో తయారు చేయాలని 1960లలో తలపెట్టినప్పుడు విమానదేహం నాసిక్‌కు, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌కు, ఇంజిన్ కొరాపుట్ జిల్లాలోని ఈ సునాబెడాకు ఇచ్చారు. మూడింటిలోనూ ఇంజినే కష్టమని నా అభిప్రాయం. సంత లేదు, విడిభాగాలవాళ్లు లేరు; మాచ్‌ఖండ్ కరెంటు మాత్రం 1955 నుంచీ ఉంది. అయినా ప్రభుత్వం నిలబడి కార్ఖానా పెట్టింది. 2024 సెప్టెంబరులో సుఖోయ్-30 విమానాల కోసం 240 ఇంజిన్లకు కుదిరిన 26 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఒప్పందం ఆ కార్ఖానాకే దక్కింది. కొండ ప్రాంతంలో సూక్ష్మమైన పని సాగదనేవాళ్లను ఒక్కసారి సునాబెడా బస్సెక్కించాలి.

కంపెనీల లెక్కలో చవకగా కనబడే నేల ఎవరిదో కూడా చెప్పుకోవాలి. 2000 డిసెంబరు 16న కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో అల్యూమినా ప్రాజెక్టు వద్దన్న ముగ్గురు ఆదివాసులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై నియమగిరిలో బాక్సైట్ గని సంగతి తేల్చడానికి 12 గ్రామసభలు కూర్చున్నాయి. ఏడు మన రాయగడ జిల్లావే. పన్నెండూ గని వద్దన్నాయి. స్థలనిర్ణయంలో ఊరి మాట చెల్లడం నాకు గర్వకారణం.

మరి గని ఒప్పుకున్న ఊళ్లకు ఏం దక్కాలి? 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ డబ్బు గోడలకూ రోడ్లకూ సరిపెట్టకుండా లేతు యంత్రాల మీద, వెల్డింగు మీద, పోతపని మీద కొరాపుట్, రాయగడ పిల్లల చేయి తిరగడానికి ఖర్చు పెట్టమని ఈ సభ జిల్లా అధికారులను అడగాలి. ఆ అర్జీ రాసి తెచ్చాను. సంతకాలకు బల్ల మీద పెడుతున్నాను.