పాత మోటారుబండ్ల పనిముట్ల సంచులు: సేకరణము, విలువ



పాత నాణెములను కూడబెట్టువారు కలరు. తపాలా బిళ్ళలను కూర్చువారు కలరు. తాళపత్రములను వెదకి తెచ్చువారి శ్రమను గ్రంథాలయ ప్రియులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాని తుప్పుపట్టిన పానాలను, నూనె మరకల గుడ్డసంచులను, ఇనుప జాకీలను ఆదరముతో చేర్చిపెట్టువారు కూడ లోకమున కలరనిన కొందరికి నవ్వు రావచ్చును. అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, ఇటలీ దేశములలో ఇట్టివారు అనేకులు. పాత మోటారుబండితోపాటు కంపెనీవారే ఇచ్చిన పనిముట్ల సంచిని వారు వెదకుదురు; దొరకినచో తగిన వెల యిచ్చి కొందురు. ఆ వెల దేనినిబట్టి ఏర్పడుచున్నది? మన యిండ్ల అటకలమీదను, షెడ్ల మూలలను పడియున్న పాత ఇనుమును తూకమునకు వేయుటకు ముందు తెలిసికొనదగినదేమి? ఈ రెండు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయము.

మొట్టమొదట బండితో పనిముట్లను ఎందులకిచ్చిరో గ్రహింపవలెను. 1910 ప్రాంతమున దారిలో మరమ్మతు దుకాణములు అరుదు. ఇంజనును ముందువైపునుండి ఇనుప హ్యాండిలుతో త్రిప్పి లేపవలసియుండెను. విద్యుచ్ఛక్తితో ఇంజను లేచు ఏర్పాటును అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1912 నాటి బండ్లలో ప్రవేశపెట్టిన తరువాతనే ఆ బాధ క్రమక్రమముగా తగ్గెను. టైరు పంక్చరైనచో దారిప్రక్కనే దానిని విప్పి, ట్యూబునకు అతుకువేసి, చేతిపంపుతో గాలి కొట్టవలెను. మసిపట్టిన స్పార్కు ప్లగ్గులను తరచుగా విప్పి తుడువవలెను. బండి నడుపువాడే దానికి వైద్యుడు; పనిముట్ల సంచియే వాని మందులపెట్టె.

ఆ కాలపు కష్టమునకు మన భాషలోనే ఒక గుర్తు మిగిలియున్నది. వేల్సు ప్రాంతమున లనెల్లి అను పట్టణమున స్టెప్నీ అను వీధి కలదు. 1904లో అచ్చటి డేవీస్ సోదరులు గాలి నింపిన టైరుతో కూడిన అదనపు చట్రమొకటి తయారుచేసిరి. పంక్చరైన చక్రమునకు దానిని ప్రక్కగా బిగించినచో బండి ఇల్లు చేరును. ఆ చట్రము ఏనాడో వాడుకనుండి పోయినది. కాని మన లారీ డ్రైవర్లు అదనపు చక్రమును నేటికిని 'స్టెప్నీ' అనియే పిలుచుచున్నారు.

1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మాడల్ టి కార్లు కోటి యేబది లక్షలకు మించినవి. వానితో వచ్చిన పనిముట్లలో నోరు పెద్దదిగాను చిన్నదిగాను సర్దుకొనదగిన మంకీ రెంచి, ప్లయరు, స్క్రూడ్రైవరు, ప్లగ్గులకును సిలిండరు మూత బోల్టులకును పనికివచ్చు పానా, చక్రపు మూత విప్పు పానా, టైరు లీవర్లు, పంపు, జాకీ ముఖ్యమైనవి. 1927 డిసెంబరులో వెలువడిన మాడల్ ఎ బండికి గ్రీజు గన్ను కూడ ఇచ్చిరి. ఈ పనిముట్లన్నియు ఫోర్డు కర్మాగారముననే పుట్టినవి కావు. అనేక చిన్న పెద్ద కంపెనీలు చేసి యిచ్చినవి. కావుననే ఫోర్డు పేరు చెక్కిన కొన్ని పానాలపై వేరు తయారీదారుని గుర్తు కూడ కనబడును.

ఆ తయారీదారుల చరిత్ర మన కమ్మరి కొలిమికి దూరమైనది కాదు. ఫ్రాంక్ వ్లచెక్ అను కమ్మరి బొహీమియా దేశమునుండి 19వ శతాబ్దము చివర అమెరికాకు వలసపోయి, క్లీవ్లండు నగరమున కొలిమి పెట్టెను. కాలక్రమమున అతని కంపెనీ మోటారు కంపెనీలకు పనిముట్లను అందించు కర్మాగారమయ్యెను. జర్మనీలో రెమ్షీడ్ పట్టణమున 1868లో స్థాపింపబడిన 'హాజెట్' పేరు, స్థాపకుడైన హెర్మన్ జెర్వర్ పేరులోని మొదటి అక్షరములకు జర్మను ఉచ్చారణమే. ఇంగ్లండున బర్మింగ్‌హాము నగరపు బెంటన్ అండ్ స్టోన్ వారు తమ నూనెడబ్బాలపై 'ఎనాట్స్' అని ముద్రించిరి. ఇంగ్లీషులో స్టోన్ అను పేరును వెనుకనుండి ముందునకు వ్రాసిన అదియే! ఇట్టి గుర్తులను చదువనేర్చినవానికి తుప్పుపట్టిన ఇనుపముక్క కూడ తన ఊరు పేరు చెప్పును.

గుర్తులతోపాటు కొలతలను కూడ చదువవలెను. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్వర్త్ బోల్టుల మరచుట్లకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. ఆ పద్ధతి పానాపై చెక్కిన అంకె పానా నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ లావు. కావున పావు అంగుళము విట్వర్తు అని చెక్కిన పానా నోరు అర అంగుళమునకు పైగా ఉండును. 'ఏ.ఎఫ్.' అని చెక్కిన పానాపై అంకె నోటి వెడల్పునే తెలుపును. 1948లో ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములు ఒకే మరపద్ధతికి సమ్మతించిన పిదప ఇంగ్లీషు బండ్లలో విట్వర్తు క్రమముగా వెనుకబడెను. కావున 1930 నాటి ఇంగ్లీషు బండి సంచిలో 'ఏ.ఎఫ్.' పానా కనబడినచో అది తరువాత వచ్చి చేరినదేమోయని అనుమానింపవలెను. అయినను ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పరాదు. పాత మోరిస్ ఇంజన్లలో బోల్టు తల విట్వర్తు కొలత, మర మాత్రము మెట్రిక్ కొలత. మొదట ఆ ఇంజన్లను చేసిన హాచ్కిస్ కంపెనీ ఫ్రెంచివారిదగుటయే ఆ చిత్రమునకు కారణము.

ఇక విలువ మాట. పాతదైనంతమాత్రమున ఏ పనిముట్టుకును విలువ రాదు. మొదటి ప్రమాణము పొందిక. ఈ పానా ఆ బండిదేనా, ఆ సంవత్సరముదేనా అనునది మొదటి ప్రశ్న. రెండవది సంపూర్ణత. ఫోర్డు పానాలు లక్షలకొలది తయారైనవగుటచే విడిగా ఒక పానాకు వెల స్వల్పమే. కాని ఒకే కాలమునకు చెందిన పనిముట్లన్నియు కూడియున్న సంచి అరుదు. ఇందొక సూక్ష్మము కలదు. బండిని పూర్వరూపమునకు తేదలచినవారిలో అనేకులకు పెద్ద పనిముట్లు ముందే దొరకియుండును. అందరును వెదకునది పోయిన ఆ ఒక్కటియే. ప్లగ్గు సందును కొలుచు పలుచని రేకు, టైరు గాలిని కొలుచు చిన్న సాధనము మున్ముందుగా పోవును. అందుచే బరువైన జాకీ కంటె జేబులో ఇమిడెడు వస్తువు ఎక్కువ వెల పలుకుట కలదు.

మూడవది సంచి లేక పెట్టె. ఇనుము నిలుచును, గుడ్డయు తోలును చివుకును. కావున చాలమంది పారవేయు చినిగిన సంచియే అరుదైన భాగము. 1959లో వెలువడిన జాగ్వార్ మార్కు 2 కారునకు అదనపు చక్రపు నడుమ ఇముడునట్లు గుండ్రని పెట్టె చేసిరి; ఆ పెట్టె లేనిదే లోని పనిముట్లకు పూర్ణమైన విలువ లేదు. నాల్గవది స్థితి. అయిదవది బండికి గల ప్రతిష్ఠ. ఫెరారీ వంటి బండ్ల సంచులు వేలములలో వేలకొలది డాలర్లు పలికిన సందర్భములు కలవు. అయితే అమ్మువాడు అడిగిన ధర వేరు, కొన్నవాడు చెల్లించిన ధర వేరు. విలువ కట్టువాడు రెండవదానినే లెక్కింపవలెను.

వెల పెరిగినచోట మోసమును పెరుగును. నకలు చేసి, నకలని చెప్పి అమ్ముట న్యాయమే. చెప్పక అమ్ముటయే దోషము. అసలు పానాను అచ్చుగా వాడి పోతపోసిన నకలు, లోహము చల్లారునపుడు కుదించుకొనుటచే, నూటికి ఒకటి రెండు పాళ్ళు చిన్నదగును. దానిపై అక్షరముల అంచులు మొద్దుబారును. కావున అసలుదాని పొడవు, మందము వ్రాసిపెట్టుకొన్నవాడు సులభముగ మోసపోడు.

కాని మోసగాని కంటె ఎక్కువ నష్టము చేయునది మంచి మనస్సుతో చేయు మెరుగు. ఆకురాయితోను, తీగబ్రష్షు యంత్రముతోను రుద్దినచో తుప్పుతోపాటు తయారీదారుని పేరు, మొదటి నల్లపూత కూడ పోవును. క్రోమియము పూత పూయించినచో పానా అద్దమువలె మెరయును గాని దాని వయస్సు తెలుపు సాక్ష్యము చెరగిపోవును. కిరసనాయిలులో నానవేసి, మెత్తని బ్రష్షుతో తుడిచి, ఆరబెట్టి, పలుచగా నూనె రాసిన చాలును. తోలుసంచి మంచిదేయైనను అందు పనిముట్లను ఏండ్ల తరబడి ఉంచరాదు. తోలు పదును చేయుటకు వాడిన పదార్థములు ఇనుమును తినివేయును. రెంటిని వేరువేరుగా, ప్రక్కప్రక్కనే భద్రపరచవలెను.

ఇది దూరదేశముల ముచ్చటయేనని తలపరాదు. 1941 నుండి 1945 వరకు యుద్ధము కొరకు ఆరు లక్షలకు పైగా జీపులు తయారైనవి. యుద్ధానంతరము జీపులు మన దేశపు మట్టిదారులకును పరిచితములైనవి. వానిలో ఫోర్డు వారు చేసిన జీపుల భాగములపైనను, బోల్టుల తలలపైనను 'ఎఫ్' అను అక్షరము కనబడును. 1950 దశకము చివరినుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారు తెలుగునాట ప్రతి పట్టణమునను తిరిగినది. ఆ బండ్లను విప్పు చోట్లనుండి పానాలు, జాకీలు, హ్యాండిళ్ళు కిలోల లెక్కన పోవుచున్నవి. సంచెడు పనిముట్లు తూకమునకు నాలుగైదు కిలోల ఇనుము. కరగిన పిదప ఏది ఏ బండిదో చెప్పగలవాడు లేడు.

ఇనుము కంటె ముందు పోవుచున్నది తెలివిడి. ఈ వంకర పానా ఏ బోల్టుకు, ఈ సన్నని రేకు ఏ సందుకు అని చెప్పగల వృద్ధ డ్రైవర్లు, మేస్త్రీలు నానాటికి తగ్గుచున్నారు. పనిముట్టు మిగిలి, దాని పని తెలిసినవాడు మిగలనియెడల సగము విలువ అప్పుడే పోయినట్లు. కావున సేకరించువాడు మొదట ధర అడుగక పని అడుగవలెను. చెప్పినవారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసికొనవలెను. దొరకిన చోటు, దొరకిన తేదీ, పొడవు, నోటి వెడల్పు, చెక్కిన అక్షరములు, ఏ బండిలో నుండినది, ఇచ్చిన వెల, ఇవియన్నియు ఒక పుస్తకమున ఎక్కించవలెను. శాసనములకు అచ్చు తీయునట్లు, పానాపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో చెక్కిన గుర్తు కాగితముపై తేలును. దీనికి రూపాయి ఖర్చు కూడ లేదు.

పుస్తకము వచ్చిన వెంటనే వరుస సంఖ్య వేసి, కర్త పేరు, ప్రచురించిన సంవత్సరము వ్రాసి బీరువాలో నిలుపుట గ్రంథాలయమునకు నిత్యకృత్యము. ఇరువదియైదు సంవత్సరములుగా ఆ క్రమమున ఆరితేరిన గ్రంథాలయము ఇట్టి పనికి వేరొకరిని ఆశ్రయింపనక్కరలేదు. ఊరిలోని పాత పనిముట్లను ఇంటివారి వద్దనే ఉండనిచ్చి, వాని వివరములను మాత్రము ఒక దస్త్రమున ఎక్కించినను మేలే. అప్పుడు ఇంటిలోని సంచి తూకమునకు పోవుటకు ముందు, అది ఏ బండిదో, దాని పని యేమో తెలిసికొనుటకు ఊరివారు వచ్చి అడుగవలసిన చోటు గ్రంథాలయమే యగును.